గడియమ్మ వంటింటి కిటికీ

ఆ సందులో అందరూ ఆమెను గడియమ్మ అనేవారు. చొక్కాలకు కాజాలు కుట్టడం ఆమె పని. భర్త వడ్రంగి. పిల్లాపాపా లేరు. ఇద్దరి సంపాదనా ఇద్దరి పొట్టలకు ధారాళంగా సరిపోయేది. అయినా ఆ ఇంట్లో బియ్యం పెట్టెకు గడియ, గిన్నెల అలమారుకు గడియ, నీళ్ల తొట్టి మూతకు కూడా గడియ. అన్నీ మొగుడి చేతే బిగింపించింది. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషని సందులో చెప్పుకునేవారు. ఆ మాట ఆమె చెవినా పడింది. “కాకికి నా చెయ్యే దొరికిందా?” అని ఊరుకుంది.

పుట్టుకతో పిసినారి ఎవరూ ఉండరు. ఆమె పుట్టింట్లో ఒకే కంచం చుట్టూ ఇంటినిండా పిల్లలు. చెయ్యి కాస్త వెనకబడితే మెతుకు మిగిలేది కాదు. ఆ ఆకలి ఎప్పుడో పోయింది. దాని భయం మాత్రం ఆమె కొంగు పట్టుకుని అత్తారింటికి వచ్చేసింది. అయిదు పూటలా నమాజు తప్పేది కాదు, ఉపవాసాలు విడిచేది కాదు. దేవుడికి ఇవ్వాల్సింది వేళకు ఇచ్చేది. మనుషులకు ఇవ్వాల్సి వస్తేనే చెయ్యి ముడుచుకునేది.

ఆమె వంటింటి కిటికీకి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో, పక్కింటి గది కిటికీ. అందులో ఒంటరిగా ఒక ముసలావిడ ఉండేది. హోటళ్లకు వెల్లుల్లి ఒలిచి ఇచ్చేది కనుక ఆమె పేరు వెల్లుల్లి అవ్వ. రోజూ పొయ్యి వెలిగే వేళకు కిటికీలోంచి పలకరించేది.

“ఇవాళ ఏం వండావమ్మా?”

“ఏముంది అవ్వా, ఏవో పచ్చడి మెతుకులు,” అనేది గడియమ్మ. వెనక పొయ్యి మీద మాంసం కుతకుతలాడుతూ ఉండేది. అవ్వకు ముక్కు లేదనుకుందో ఏమో!

ఒకరోజు మసీదులో ఆడవాళ్లకు ఇమాంగారి భార్య పొరుగువారి హక్కుల గురించి చెప్పింది. “నీ కూర వాసనతో పక్కింటివాళ్లను బాధపెట్టకు. చారులో నాలుగు నీళ్లు ఎక్కువ పోసైనా సరే, వాళ్లకింత పంపు,” అంది. ఆవిడ రెండు మాటలు చెబితే గడియమ్మ ఒక్కటే ఇంటికి మోసుకొచ్చింది. వాసన బాధపెట్టకూడదు, అంతే కదా? ఆ సాయంత్రమే కిటికీకి గడియ పెట్టించింది. పగుళ్లలో పాతగుడ్డలు కుక్కింది.

మొగుడు అన్నం ముందు కూర్చుని దగ్గాడు. “పొగకి చచ్చేట్టున్నాం. ఏంటే ఇది?”

“పొరుగు హక్కు. వాసన కూడా పోనివ్వకుండా చూసుకుంటున్నా.”

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయి, ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఆ మాట అక్కడే మింగేశాడు. తప్పులో అతనికీ వాటా ఉందని నేనంటాను.

ఆ చలికాలం అవ్వ వేళ్లు వాచిపోయాయి. హోటళ్లవాళ్లు బుట్ట పంపడం మానేశారు. ఆమె ఎవరినీ అడగలేదు. అడగడం ఆమెకు చేతకాదు. “ఏం వండావమ్మా” అన్నదే ఆమెకు తెలిసిన అడగడం. ఆ మాట వచ్చే దారి మూసుకుపోయింది.

ఒక మధ్యాహ్నం గడియమ్మ మాంసం ఉడికిస్తుంటే కిటికీ తలుపు మీద చప్పుడైంది. టక్ టక్. కర్రతో కొట్టినట్టు, మెల్లగా. మళ్లీ టక్ టక్. ‘ఎక్కడినుంచో వాసన పోతోంది’ అనుకుంది. వెతికి వెతికి, ఒక మూల సందు కనిపిస్తే అందులోనూ గుడ్డ కుక్కింది. చప్పుడు ఆగిపోయింది. ఆమెకు తృప్తిగా అనిపించింది.

ఆ తర్వాత సందు ఊడ్చే ఆమె అవ్వ తలుపు తట్టి, పలక్కపోయేసరికి నలుగురినీ కేకేసింది. అవ్వ కిటికీ కిందే పడి ఉంది. చేతి పక్కన కర్రగరిటె.

సందులో ఏ ఆడమనిషి పోయినా కడపటి స్నానం చేయించే పెద్దమ్మ వచ్చింది. అవ్వకు అయినవాళ్లు లేరు. “దగ్గరి పొరుగువి నువ్వే. నీళ్లు నువ్వు పొయ్యి తల్లీ,” అంది గడియమ్మతో. చుట్టూ దుప్పట్లు కట్టారు. దేహం మీద కప్పిన బట్ట తీయకుండానే, పెద్దమ్మ చేతికి గుడ్డ చుట్టుకుని, బట్ట కిందనుంచే కడిగింది. గోరువెచ్చని నీళ్లు పోస్తుంటే తడిసిన బట్ట ఒంటికి అతుక్కుంది. ఎముకలు ఒక్కొక్కటే లెక్కకు వచ్చాయి.

తర్వాత పెద్దమ్మ అవ్వను కాస్త లేపి కూర్చోబెట్టి, పొట్ట మీద మెల్లగా నొక్కింది. లోపల ఏదైనా మిగిలి ఉంటే వచ్చేస్తుందని అలా నొక్కడం పద్ధతి. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. పొట్ట వెన్నును తాకింది. పెద్దమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. గడియమ్మ చెంబు కింద పెట్టేసింది.

“ఇక్కడ మన కంట పడింది ఇక్కడే ఉండాలి,” అంది పెద్దమ్మ తలెత్తకుండా. “పోయినవాళ్ల గుట్టు దాచాలి. అది మన ధర్మం.”

ఆ ధర్మం అవ్వ పరువు కాపాడింది. గడియమ్మ పరువూ కాపాడింది. దిక్కులేని మనిషికి నీళ్లు పోసిందని, ఎంత పెద్ద మనసోనని సందంతా ఆమెను మెచ్చుకుంది. ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

ఖననం అయ్యాక గడియమ్మ, పెద్దమ్మ ఇంటికి వెళ్లి గుమ్మంలోనే కూలబడింది. “ఆమె తట్టింది పెద్దమ్మా. నేను విన్నాను. విని గుడ్డ కుక్కాను.”

పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చుంది. “దేవుడి హక్కు తప్పితే దేవుడు క్షమిస్తాడు. మనిషి హక్కు తప్పితే ఆ మనిషే క్షమించాలి. ఆ మనిషిని ఇప్పుడే మట్టిలో పెట్టి వచ్చారు. నేనేం చెప్పనే?”

“మరి నా గతేంటి?”

“నాకు తెలీదు. నువ్వెంత ఏడ్చినా ఆమె కడుపు నిండదు. నీ కిటికీ అవతలికి ఇకమీద ఎవరొస్తారో వాళ్ల ఆకలి నీదనుకో. వాళ్లు ఏ దేవుడికి మొక్కినా పొరుగు పొరుగే.”

ఇంటికొచ్చి కిటికీ గడియ ఊడదీయమంది మొగుణ్ణి. ఎందుకని అతను అడగలేదు. మరలు విప్పి గడియ జేబులో వేసుకున్నాడు. ఆ పూట ఇద్దరూ తినలేదు.

కొన్నాళ్లకు ఆ గదిలోకి రాళ్లు కొట్టే మొగుడూ పెళ్లాలు దిగారు, చంటిపిల్లతో. వాళ్ల మతం వేరు. మొదటిరోజే గడియమ్మ గిన్నెలో కూర పోసింది. పోసి చూసుకుంది. అంతా పులుసే. ముక్కలన్నీ గరిటె అంచునుంచి జారి మళ్లీ కుండలోకే పోయాయి. జారాయా, ఆమె జారనిచ్చిందా? పుట్టిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. తన చెయ్యి వంక చూసుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. పెద్దమ్మ చెయ్యి ఆగిపోయిన చోటు గుర్తొచ్చింది. కుండలో చెయ్యి పెట్టినంత పని చేసి, మంచి ముక్కలే ఏరి వేసింది.

కిటికీ తీసింది. “ఇవాళ ఏం వండావమ్మా?”

చంకలో పిల్లతో ఆ అమ్మాయి తలెత్తింది. “వంటైపోయిందండీ. తినేశాం కూడా.”

ఆమె వెనక పొయ్యిలో పిల్లి లేవలేదు. పిల్ల ఖాళీ చెంచా చప్పరిస్తోంది. ఇది పచ్చడి మెతుకుల అబద్ధానికి అక్కచెల్లెలని గడియమ్మకు తెలిసిపోయింది. అయితే తను దాచుకోవడానికి ఆడింది, ఈ అమ్మాయి తలదించుకోలేక ఆడుతోంది.

“నాకోసం తీసుకో తల్లీ,” అంది. గిన్నె కిటికీలోంచి అవతలికి చాపింది. “నాకు మింగుడుపడటం లేదు.”

ఆ అమ్మాయి అర్థంకాక చూసింది. కాసేపటికి చెయ్యి చాపి గిన్నె అందుకుంది.

సందులో ఇప్పటికీ ఆమెను గడియమ్మ అనే అంటారు. ఆమె వద్దనదు. రోజూ మొదటి గిన్నె అవతలికి చేరాకే తన కంచం ముందు కూర్చుంటుంది. గాలికి కిటికీ రెక్క టక్కుమంటే చాలు, చేతిలో ముద్ద వదిలేసి లేచి వెళ్లి చూస్తుంది. ఎవరూ ఉండరు.