తాళం వేసిన గదిలో వైఫై డబ్బా

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. శ్మశానం పక్క దారిలో ట్యూషన్‌కు వెళ్లి వచ్చి పెరిగినదాన్ని. డిగ్రీలో కంప్యూటర్లు చదివాను. ఏదైనా పనిచేయకపోతే వైరు చూస్తాను, వైరు బాగుంటే స్విచ్చు చూస్తాను. గాలి సోకింది, దిష్టి తగిలింది లాంటి మాటలు నా దగ్గర చెల్లవు. ఇప్పుడు మాత్రం నమ్ముతున్నానని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, మీకేమైనా తోస్తే మీరే చెప్పండి.

మాది మార్కాపురం. ఇల్లు పాతది, పలకరాయి గోడలు, మూరెడు మందం. వేసవిలో చల్లగా ఉంటుంది గానీ వైఫైకి ఆ గోడలు పరమ శత్రువులు. కేబుల్ తీగ వీధి వైపు నుంచి వస్తుంది కాబట్టి డబ్బాను ముందు గదిలో బిగించారు. ఆ గది మా జేజిది, అంటే నాయన వాళ్లమ్మది.

నేను ఫోన్‌లో ఆట ఆడతాను. కాలక్షేపానికి కాదు, నలుగురం జట్టుగా పోటీల్లో ఆడతాం. మా కెప్టెన్ పొదిలి కుర్రాడు. ఈ ఆటలో రెప్పపాటు ఆలస్యమైతే పని అయిపోయినట్టే. అవతలివాడు మనల్ని కాల్చేశాక గానీ వాడు మనకు కనపడడు. దాన్నే ల్యాగ్ అంటాం. మా డబ్బా పాతది, కాస్త వేడెక్కితే చాలు, ల్యాగ్ మొదలు. ఒకసారి స్విచ్చు ఆపి, కాసేపాగి వేస్తే మళ్లీ బుద్ధిగా పనిచేసేది.

ఆ పని జేజిది. వెనక గదిలో ఆడుతూ నేను "జేజీ, వైఫై!" అని కేకేస్తే, మంచం మీద నుంచే చేతికర్రతో స్విచ్చు ఆపేది. వెంటనే వేయకూడదని నేనే చెప్పాను. అందుకని తీరుబడిగా రెండు మూడుసార్లు "చెన్నకేశవా" అనుకుని అప్పుడు వేసేది. వైఫై అంటే ఏమిటో ఆమెకు తెలియదు. ఇంటికి ఎవరొచ్చినా "దీని ఆటకు కరెంటాఫీసు నేనే" అని గొప్పగా చెప్పుకునేది.

ఎండలు ముదరకముందే ఒక ఉదయం జేజి నిద్రలోనే పోయింది. పోయిన నక్షత్రం మంచిది కాదన్నారు అయ్యవారు. మా వైపు అలాంటప్పుడు ఇల్లే వదిలిపెడతారు. కుదరకపోతే ప్రాణం పోయిన గదికైనా తాళం వేసి, గుమ్మానికి ముళ్లకంప అడ్డం పెడతారు. గడువు తీరేదాకా లోపల ఎవరూ అడుగు పెట్టకూడదు. ఏడుపుల మధ్య, చుట్టాల హడావుడిలో తాళం వేసేశారు. లోపల వైఫై డబ్బా వెలుగుతూనే ఉందని ఎవరికీ తట్టలేదు. ఇన్వర్టరు కూడా అందులోనే ఉండిపోయింది. ఊరంతా కరెంటు పోయినా ఆ డబ్బా ఆరదు.

తాళం తీయమని నాయనను అడిగాను. "మూణ్ణెల్లు ఓర్సుకో పాపా. నెట్టు లేకుంటే బతకలేమా ఏంది?" అన్నాడు. కేబుల్ ఆఫీసులో అడిగితే పాత డబ్బా తెచ్చిస్తేనే కొత్తది ఇస్తామన్నారు. ఫోన్ డేటా మా వీధిలో అంతంతమాత్రం.

ఇక ఉన్నదాంతోనే సర్దుకోవాలి. మ్యాచ్ జరిగేటప్పుడు అమ్మ సీరియల్ ఆపించాను. మిగతా ఫోన్లన్నీ వైఫై నుంచి తప్పించాను. నా ఫోన్లో అప్‌డేట్లు ఆపేశాను. సిగ్నల్ ఎక్కడ బాగుందో చూద్దామని ఇల్లంతా తిరిగితే, బాగా అందే చోటు ఒక్కటే దొరికింది. అది జేజి గది తలుపు.

ముళ్లకంప కొంచెం పక్కకు జరిపి, తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఆడడం మొదలుపెట్టాను. పట్టపగలే. అయినా ఆ చెక్క చల్లగా వీపుకు తగులుతుంటే ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని.

ఒకరోజు ప్రాక్టీసులో ల్యాగ్ వచ్చింది. అలవాటు కొద్దీ "జేజీ, వైఫై!" అని అరిచాను. అరిచాక గానీ ఏమన్నానో తెలియలేదు. నాలుక కరుచుకునే లోపు నెట్టు పోయింది. కాసేపటికి వచ్చింది. ల్యాగ్ లేదు.

నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. కాకతాళీయం అనుకున్నాను. తర్వాత మళ్లీ ల్యాగ్ వచ్చినప్పుడు, చూద్దామని, ఈసారి కావాలనే మెల్లగా పిలిచాను. మళ్లీ అంతే. పోయింది, తీరుబడిగా వచ్చింది. స్విచ్చు బోర్డులో ఎక్కడో లూజు కనెక్షన్ ఉందని తేల్చుకున్నాను. కేబుల్ ఆఫీసుకు చెబుదామనుకుంటుండగా వాళ్లే ఫోన్ చేశారు.

"ఏంది మా, ఊరికూరికే బాక్సు స్విచ్చి తీసి ఏస్తా ఉన్నారు? అట్ల చేస్తే బాక్సు పాడైపోతాది."

"ఎవురూ తియ్యలేదన్నా. తీగ ఏమన్నా కదిలిందేమో" అన్నాను.

"తీగ తెగితే మాకు ఒక రకంగా కనపడతాది, కరెంటు తీస్తే ఇంకో రకంగా. ఇది కరెంటు తీసిందే."

ఫోన్ పెట్టేశాను. దాచుకోవడం దేనికి, భయమేసింది. లేచి ముళ్లకంప మళ్లీ గుమ్మానికి అడ్డం జరిపాను.

అమ్మ ఇదంతా విన్నది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. పక్కన కూర్చుని, "పిలవమాక పాపా. గడువు లోపల పిలిస్తే పోయేవాళ్లు ఎనక్కి తిరిగి సూస్తారంట. ఆమె పోవాల్సిన తావుకు ఆమెను పోనియ్యి" అంది. జేజి ఉన్నన్నాళ్లూ అత్తాకోడళ్లకు ఉప్పూ నిప్పే. పోయినప్పటి నుంచి మాత్రం అన్నం సహించనిది అమ్మకే. ఆ మాట నేను నమ్మలేదు, అయినా పిలవనని మాటిచ్చాను.

ఎంపిక పోటీ రానే వచ్చింది. హైదరాబాదులో ఒక పెద్ద జట్టు కొత్తవాళ్లను తీసుకుంటోంది. గెలిస్తే మా నలుగురికీ చోటు. నాయన అప్పటికే తేల్చి చెప్పాడు, ఇది కుదరకపోతే ఆట కట్టిపెట్టి బ్యాంకు కోచింగ్‌కు వెళ్లాలని. కెప్టెన్ కూడా మొహమాటపడలేదు. "అక్కా, ఈసారి గూడా ఆగిపోతే ఇంగ నిన్ను పెట్టుకోలేను" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నెట్టు మీద వంక పెడుతున్నానని మిగతా ఇద్దరి అనుమానం.

మధ్యాహ్నం ఆట. మళ్లీ ముళ్లకంప జరిపి తలుపుకు ఆనుకుని కూర్చున్నాను. ఎదురుగా వంటింటి గుమ్మంలో అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చివరి రౌండ్‌కు మా జట్టులో మిగిలింది నేనూ కెప్టెనూ. అతను దెబ్బ తగిలి పడిపోయాడు. నేను పరుగెత్తి లేపాలి. సరిగ్గా అప్పుడే తెర బిగుసుకుంది. ఒక అడుగు, ఆగింది. ఇంకో అడుగు, ఆగింది.

"ఏంది అక్కా, నిలబడిపోయినావ్! రా!" చెవిలో అరుస్తున్నాడు.

ఆ పిలుపు నోటిదాకా వచ్చింది. తలెత్తితే అమ్మ నా వైపే చూస్తోంది. చేట మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. అది ఒట్టి యంత్రమైతే పిలిచి లాభం లేదు. యంత్రం కాకపోతే, ఒక ముసలామె ప్రయాణాన్ని నా ఆట కోసం ఆపినట్టు. పళ్లు బిగించాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు మాత్రం విప్పలేదు.

నెట్టు పోయింది.

అంతా అయిపోయిందనుకున్నాను. అయినా ఫోన్ వదలలేదు. కాసేపటికి వచ్చింది. ఆటలో నా మనిషి బండరాయి చాటున అలాగే నిలబడి ఉన్నాడు, ఎవరికంటా పడలేదు. తెర నీళ్లలా కదిలింది. పరుగెత్తి కెప్టెన్‌ను లేపాను. గెలిచాం.

ఏడుస్తూ నవ్వుతూ వెళ్లి అమ్మను పట్టుకున్నాను. "సూసినావా మా? నేను పిలవనే లేదు. అదే పోయింది, అదే వచ్చింది. డబ్బాకే ఏదో రోగం." గెలిచినందుకు ఎంత సంతోషమో, అది యంత్రమేనని తేలినందుకు అంత సంతోషం. అమ్మ బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది.

గడువు తీరాక శాంతి చేయించి తలుపు తీశారు. లోపల అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. డబ్బా లైట్లు వెలుగుతున్నాయి. స్విచ్చు బోర్డు విప్పి ప్రతి వైరూ లాగి చూశాను. లూజు కనెక్షన్ ఎక్కడా దొరకలేదు. డబ్బాలోనే లోపం అనుకుని దాన్ని ఆఫీసులో ఇచ్చి కొత్తది తెచ్చాను.

ఆ సాయంత్రం అమ్మ గది ఊడుస్తూ ఆగిపోయింది.

"పాపా, ఆ పొద్దు నువ్వు పిలవలేదు. నేనే పిలిచినా."

నాకు అర్థం కాలేదు. అమ్మ నా మొహం చూడకుండా చెప్పింది. "నువ్వు ఏడుస్తా కూసుంటే సూళ్లేకపోయినా. అత్తా, ఈ ఒక్కసారికి పిల్లను సూడు, ఇంగెప్పుడూ అడగను అని లోపల్లోపలే అనుకున్నా. ఇప్పుడామె పోయిందో, నా మాటకు నిలబడిపోయిందో, ఎట్ల తెలుస్తాది?"

చీపురు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ మధ్యాహ్నం నేను అమ్మను చూస్తూనే ఉన్నాను. ఆమె పెదవి కదలలేదు. ఆ పిలుపు గోడ అవతలికి ఎలా చేరిందో నేను ఈ రోజుకూ చెప్పలేను. అమ్మ అడిగినదానికి అసలే చెప్పలేను.