జాలీ లేని మెషీను

టాటానగర్ పక్కన గమ్హరియాలోని టేపుల షెడ్డులో దాలమ్మను పనిలో పెట్టింది సీతారామరావు. ఆమె మొగుడు పోలరాజు టాటానగర్ గూడ్సు యార్డులో బస్తా మోస్తూ మోస్తూ కూలిపోయి, మళ్లీ లేవలేదు. అది 1976. దినకార్యం కాగానే, మందస దగ్గరున్న సొంతూరికి వెళ్లిపొమ్మని చుట్టాలు పోరుపెట్టారు. ఏడేళ్ల కూతురు పద్మకుమారిని పట్టుకుని అక్కడికి వెళ్లి ఎవరి గడపలో కూర్చోవాలో దాలమ్మకు అర్థం కాలేదు. షెడ్డులో ఫోర్‌మన్‌గా ఉన్న సీతారామరావు ఆ వైపు మనిషే. సంగతి తెలిసి కబురుపెట్టాడు. "సోమవారం నుంచి రా అమ్మా" అన్నాడు. అంతే, ఇంకో మాట అడగలేదు. ఆ మేలు దాలమ్మ ఏనాడూ మరిచిపోలేదు.

మోటార్ల లోపల రాగితీగకు చుట్టే టేపు ఆ షెడ్డులో తయారయ్యేది. వార్నిషులో ముంచి ఆరబెట్టిన గుడ్డ గజం వెడల్పు చుట్టలుగా వచ్చేది. ఇద్దరు మగాళ్లు పడితే తప్ప చుట్ట లేవదు. దాన్ని అంగుళం పట్టీలుగా చీల్చాలి. మెషీనులో పైనొకటి, కిందొకటి రెండు ఇరుసులు, వాటి నిండా గుండ్రటి కత్తులు. పై కత్తి అంచు కింది కత్తి అంచును ఒరుసుకుంటూ తిరుగుతుంటే, మధ్యలోంచి పోయే గుడ్డ కత్తెరలో పడ్డట్టు తెగిపోయి, అవతల చిన్నచిన్న చుట్టలుగా చుట్టుకునేది. మెషీనుకు ఎదురుగా ఎత్తుపీట మీద కూర్చుని, దాలమ్మ ఆ చుట్టల అంచులు బొటనవేలితో తడిమి చూసేది. పోగులు లేచినవి పక్కన పడేసి, మంచివి కాగితంలో చుట్టి పెట్టెలో పేర్చేది.

మెషీను నడిపేవాడు గోవిందరావు, ఇచ్ఛాపురం మనిషి. నెమ్మదస్తుడు. కత్తులు బిగించేటప్పుడు మాత్రం ఎవరు పలకరించినా పలికేవాడు కాదు.

ప్రతి చుట్టకూ రెండు అంచుల్లోనూ సన్నటి పీలిక మిగిలేది. దాన్ని అక్కడ కత్రన్ అంటారు. ఎండాకాలంలో అది తిన్నగా గంపలోకి జారిపోయేది. వానలు పట్టాయంటే వార్నిషు జిగురెక్కి, కత్రన్ గంపలోకి పోకుండా కింది ఇరుసుకు చుట్టుకునేది. కత్తుల ముందు చేతులు పోకుండా ఇనుప జాలీ ఉంది. కత్రన్ లాగాలంటే మెషీను ఆపి, నాలుగు బోల్టులు విప్పి, జాలీ తీసి, మళ్లీ బిగించాలి. వానాకాలంలో రోజుకు పది పన్నెండుసార్లు ఇదే తంతు.

1981 జూలైలో ఒక పెద్ద ఆర్డరు గడువు దాటిపోయింది. యజమాని పొద్దున్నే వచ్చి సీతారామరావును నలుగురిలో నిలబెట్టి కేకలేశాడు. ఆయన వెళ్లగానే సీతారామరావు మెషీను దగ్గరికొచ్చాడు.

"గోవిందూ, ఆ జాలీ తీసి పక్కన పెట్టెయ్. వానలు తగ్గాక బిగిద్దాం."

"సెయ్యి పోతాది బావూ."

"జాగ్రత్తగా ఉంటే ఎందుకు పోతుంది? తియ్యి ముందు."

గోవిందరావు బోల్టులు విప్పి, జాలీని వార్నిషు డ్రమ్ముల వెనక ఆనించి పెట్టాడు. ఎదురుగా పీట మీదున్న దాలమ్మ ఇదంతా చూసింది, విన్నది.

జాలీ తీసిన మూడోవారంలో, మధ్యాహ్నం అన్నాలు తినొచ్చాక, ఇరుసుకు కత్రన్ చుట్టుకుంది. మెషీను ఆపకుండానే గోవిందరావు దాని కొస పట్టుకుని లాగాడు. జిగురు పీలిక వేళ్లకు అంటుకుని చేతిని కూడా లోపలికి లాక్కుంది. అతను కేక కూడా వెయ్యలేదు. దాలమ్మే పీట మీంచి దూకి స్విచ్చి కొట్టింది. తన పైట చించి అతని చేతికి కట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లే జీపులో కూడా కూర్చుంది. కుడిచేతికి మూడు వేళ్లు పోయాయి.

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు విచారణకు గురువారం వస్తాడని తెలిసింది. బుధవారం సీతారామరావు దాలమ్మను గదిలోకి పిలిచాడు. ఆయన ముఖం రెండు రోజుల్లోనే పీక్కుపోయింది.

"ఇన్‌స్పెక్టరు నిన్ను అడుగుతాడు. జాలీ తీసింది గోవిందరావు అని చెప్పు."

దాలమ్మ తల వంచుకుంది.

"అందులో అబద్ధం ఏముంది దాలమ్మా? బోల్టులు విప్పింది వాడి చెయ్యే కదా. మిగతాదంతా నువ్వు చెప్పక్కర్లేదు. ఈ వయసులో నన్ను బయటికి గెంటితే ఎవడు పనిస్తాడు చెప్పు?"

ఆయన బతిమాలుతున్నాడు. బెదిరించినా ఆమెకు ఇంత కష్టంగా ఉండేది కాదు. మాటివ్వకుండానే ఆమె బయటికొచ్చింది. సాయంత్రం తిన్నగా ఆసుపత్రికి వెళ్లింది. గోవిందరావు కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని పడుకున్నాడు. పక్కన అతని భార్య వరహాలమ్మ కమలాపండు ఒలుస్తోంది.

"రేపు నన్ను అడుగుతారంట అన్నా" అంది దాలమ్మ.

"తెలుసు. నువ్వేటి సెప్పినా నాకు కోపం నేదు. నీకు పెంచాల్సిన ఆడగుంట ఉంది."

వరహాలమ్మ మాత్రం పండు ఒలవడం ఆపి దాలమ్మ ముఖంలోకి చూసింది.  ఆ చూపుకు దాలమ్మ అక్కడ నిలవలేకపోయింది.

ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుంటే, పన్నెండేళ్ల పద్మకుమారి విషయమంతా రాబట్టింది. తల్లి తెలుగులో మాట్లాడితే ఆ పిల్ల హిందీలో జవాబు చెప్పేది.

"జాలీ కిస్‌నే నికాలా, మా?" అని అడిగింది, జాలీ తీసిందెవరని.

"సీతారామరావు బావు తియ్యమంటే గోయిందన్న తీసినాడు."

"తో యహీ బోల్ దో." అదే చెప్పెయ్యమంది.

"అంత సులువేటే? మనకి ఈ తిండి ఎట్టింది ఆయనే గదా."

 దాలమ్మ తన నోటితో తానే మొదట అన్న మాటను మళ్లీ ఒకసారి తలుచుకుంది. ఒకరు తియ్యమన్నారు, ఒకరు తీశారు. రెండింట్లో ఒకటి మింగేస్తే రెండోది కూడా అబద్ధమైపోతుందని ఆమెకు తోచింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు హిందీలోనే అడిగాడు, జాలీ తీసిందెవరని. పక్కన సీతారామరావు నిలబడి ఉన్నాడు. 

"గోవింద్ నికాలా సాబ్. సీతారామ్‌బాబు బోలా, తబ్ నికాలా." ఆయన తియ్యమంటేనే గోవిందరావు తీశాడని చెప్పింది. ఆ వెంటనే, తనకొచ్చిన హిందీ ముక్కలన్నీ కూడదీసుకుని ఇంకొకటి కూడా చెప్పింది, ఆ పొద్దున యజమాని సీతారామరావు మీద ఎంతగా అరిచాడో. అది చెప్పమని ఆమెను ఎవరూ అడగలేదు.

విచారణ తేలింది. జాలీ మెషీనుకు ఎక్కింది. గోవిందరావుకు రావలసిన పరిహారం వచ్చింది. యజమాని అరుపుల మాట కూడా రాతలోకెక్కింది కాబట్టి సీతారామరావు ఉద్యోగం నిలిచింది గానీ, ఆయన పేరున హెచ్చరిక కాగితం ఒకటి ఫైల్లో చేరింది. దాలమ్మను పీట మీంచి లేపి గోడౌన్ ఊడవడానికి పంపారు. సీతారామరావు ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. ఆమె ఆ కోపాన్ని మోసింది, తన వంతుగా వచ్చిందే అనుకుని.

గోవిందరావు ఆరు నెలలకు తిరిగొచ్చాడు. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలిన చేత్తో గుడ్డ ఎక్కించలేడు కాబట్టి, కత్తులు సానబట్టే పనిలో పెట్టారు. మెషీను మీద మాత్రం మనిషి నిలవలేదు. ఇద్దరొచ్చారు, ఇద్దరూ వేళ్లు పోయిన సంగతి విని వెళ్లిపోయారు.

"దాలమ్మని ఎట్టండి. అంచు సూసి కత్తి తప్పు సెప్పగలదు" అన్నాడు గోవిందరావు యజమానితో.

యజమానికి వేరే దారి లేదు. అలా దాలమ్మ మెషీను ముందుకొచ్చింది. గోవిందరావు పక్కన నిలబడి నేర్పాడు.

"పలచటి కాయితానికి సేవింగు బ్లేడు సాలు, కదపకుండా నిలబెట్టి లాగీడమే. మందంగా ఫెల్టుంటాది సూడు, దాన్ని మొండి చక్రంతో గట్టి రోలరు మీద నొక్కితే తెగిపోద్ది. మన గుడ్డకి అయి పనికిరావు, కత్తెర పనే. పై కత్తి కింది దాన్ని తాకాల, అంతే. లోపలికి దిగిందా, పోగులు లేత్తాయి."

"ఎంత తాకాల అన్నా?"

"సిగరెట్టు కాయితం ఎట్టి సూడు. అది తెగితే సాలు."

రెండు నెలల్లో ఆమెకు చెయ్యి కుదిరింది. మళ్లీ వానలు రాబోతున్నాయనగా ఇద్దరికీ ఒకటే దిగులు పట్టుకుంది, కత్రన్. గోవిందరావు వడ్రంగి చేత దారం కండెల్లాంటి రెండు చెక్క చక్రాలు చేయించాడు. వాటిని మెషీను పక్కన బిగించి, పాత బెల్టుతో అసలు ఇరుసుకే కలిపాడు. మెషీను తిరిగితే అవీ తిరుగుతాయి, పీలికను తమకు చుట్టుకుంటాయి. మొదట పీలిక తెగి తెగి పడింది. చక్రం జోరు తగ్గించాలంది దాలమ్మ. పుల్లీ మార్చారు. దానికి తోడు, జిగురు అంటకుండా అంచు మీద సుద్దపొడి పల్చగా రాలేలా దాలమ్మ ఒక గుడ్డ మూట వేలాడదీసింది. ఆ వానాకాలమంతా మెషీను రోజుకు ఒకటి రెండుసార్లు తప్ప ఆగలేదు. జాలీ బోల్టులు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి.

ఆగస్టులో ఒకరోజు సీతారామరావు వచ్చి ఆ చక్రాల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఏడాది తర్వాత ఆయన ఆమెతో మాట్లాడటం అదే మొదలు.

"ఇది పోయినేడే తోచి ఉంటే బాగుండేది" అన్నాడు.

"అప్పుడు ఎవలికీ తీరిక నేదు బావూ."

ఆయన ఒక టేపు చుట్ట తీసుకుని అంచు మీద వేలు పెట్టి చూశాడు. "జాలీ తియ్యమంది నేనే దాలమ్మా" అన్నాడు మెల్లగా. షెడ్డు చప్పుడులో ఆ మాట ఆమెకొక్కదానికే వినబడింది. "టీ తాగుతారా బావూ, ఇప్పుడే వచ్చింది" అంది ఆమె. ఆయన పెట్టె మీద కూర్చున్నాడు. గోవిందరావు తన గ్లాసులోది సగం ఆయనకు పోశాడు.