మూట మారిన రోజు

ఆ వీధిలో అందరూ ఆయనను మడతల మామ అంటారు. ఇస్త్రీ కొట్టు ఆయనది. పెట్టె చేతిలో లేకపోయినా ఆ చేతులు ఊరుకోవు. పాత కాగితం కనిపించినా సరే, అంచుకు అంచు కలిపి మడత పెట్టాల్సిందే. బడికి సెలవులిచ్చిన ప్రతిసారీ "ఈసారి ఏటి ఒడ్డుకు వెళ్దామమ్మా" అని కూతురికి మాటిచ్చేవాడు. తీరా బయలుదేరే వేళకు ఎవరో ఒకరు "మామా, ఈ ఒక్క చొక్కా" అంటూ వచ్చేవారు. కాదనడం ఆయనకు చేతకాదు. ఆ ఒక్క చొక్కాతోనే పొద్దు వాలిపోయేది.

ఈసారి కూతురు ఆయన ఫోను ఇంట్లోనే పెట్టించింది. "మధ్యలో లేచి కొట్టుకు వెళ్ళావంటే ఇంకెప్పుడూ అడగను నాన్నా" అంది. అలిగినా ఫరవాలేదు కానీ, అడగడమే మానేస్తానన్న మాట ఆయన మనసులో గుచ్చుకుంది.

పొద్దున్నే కొట్టు మూసి, వీధి చివరి నర్సమ్మ డ్యూటీ బట్టల మూటను పక్కనున్న సైకిల్ షాపు తాతకు అప్పగించాడు. తిండికని రెండో మూట నెత్తిన పెట్టుకుని తల్లితో, భార్యతో, కూతురితో ఏటి దారి పట్టాడు.

తల్లి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, "మోకాళ్ళకు ప్రాణం లేచొచ్చిందిరా" అంది. ఆయన కూతురికి కాగితం పడవ చేసి ఇచ్చాడు. ముసలమ్మ దాన్ని వేలితో తడిమి చూసి, "ఈ అంచుతో కూరగాయలు తరగొచ్చు" అంది.

ఆకలేసి మూట విప్పారు. రొట్టెలూ లేవు, ఉడికించిన గుడ్లూ లేవు. తెల్లటి నర్సు కోట్లు, మడత చెక్కుచెదరకుండా ఉన్నాయి. రెండు మూటలూ ఒకే పాత దుప్పటి చింపి కట్టినవి. ముడి వేసిన చెయ్యీ ఒక్కటే.

"తినండి" అంది భార్య. "గంజి బాగానే పట్టించారుగా, కడుపులో నిలుస్తుంది."

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేకపోయాడు. "నర్సమ్మకు సాయంత్రం డ్యూటీ. ఇవి లేకపోతే ఎలా వెళ్తుంది?"

ఇచ్చి వస్తానని లేచాడు. కూతురు పడవను ఒళ్ళో పెట్టుకుని, "నేను దీన్ని దాచి ఉంచుతాలే నాన్నా" అంది. ఆ నెమ్మది చూస్తే ఆయనకు వెళ్ళాలనిపించలేదు. అయినా మూట కట్టుకుని గట్టెక్కాడు. "దేవుడా, ఈ ఒక్క రోజు" అనుకున్నాడు. ఆపైన ఏం అడగాలో తోచలేదు.

మలుపులో స్కూటరు ఎదురొచ్చింది. నర్సమ్మే. ఆమె కాళ్ళ దగ్గర మూట.

"ఏం అన్నా, డ్యూటీకి గుడ్లు తొడుక్కుని వెళ్ళమంటావా?"

"అయ్యో తల్లీ, ఇంత దూరం నువ్వు రావాలా?"

"సైకిల్ షాపు తాత చెప్పాడు, మీరంతా ఏటికి వచ్చారని. నా బట్టల సంగతి తర్వాత, పాపం పిల్ల ఆకలితో ఉంటుందని పరుగున వచ్చాను."

ఇద్దరూ ఒడ్డుకు వచ్చాక, అందరి కంటే ముందు ఆమెకే వడ్డించింది ముసలమ్మ. నర్సమ్మ ఒక రొట్టె తిని, "వదినా, రొట్టెలు అదిరాయి" అని మెచ్చుకుని, తన మూట తీసుకుని వెళ్ళిపోయింది.

ఆయన చేతులు ఖాళీ అయిపోయాయి. ఏం చెయ్యాలో తెలియక, తిన్న చోట పరిచిన దుప్పటి ముక్కను దులిపి అంచులు కలపబోయాడు. కూతురు దాన్ని లాగేసుకుని మళ్ళీ పరిచేసింది.

"అప్పుడే మడతెందుకు? ఇంకా వెళ్ళట్లేదుగా."

"వెళ్ళట్లేదు" అన్నాడాయన.

పడవ నీళ్ళలోకి దిగింది. తండ్రీకూతుళ్ళిద్దరూ దాని వెంట ఒడ్డున నడిచారు. ఎండ చల్లబడ్డాక, ఇంటికి వెళ్దామని చివరికి ముసలమ్మే అంది. ఆయన వినిపించుకోలేదు. ఇంకో పడవ మడుస్తున్నాడు.