ఆయన వద్దనలేదు

ఉత్త అబద్ధమే అయితే దాన్ని ఎప్పుడో దించుకుని ఉండేదాన్ని. నేను దాన్ని ప్రభువు నోట పెట్టాను. ఇన్నేళ్ళుగా నన్ను వంచేస్తున్నది ఆ బరువే. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ఆళ్ళగడ్డ. పసితనంలోనే నాకు కాలు పడిపోయింది, బడి మెట్లు ఎక్కలేదు. నాయన బైబిలు ముందు పెట్టుకుని ఇంట్లోనే చదువు చెప్పాడు. అందుకు ఈనాటికీ దేవునికి వందనాలు చెల్లిస్తాను. అమ్మ, నాయన పోయాక నేనూ చెల్లెలు సునీతా మిగిలాం. నీళ్ళు పట్టడం, బజారు పని, ఆదివారం నన్ను బండి మీద చర్చికి తీసుకుపోవడం, అన్నీ ఆమే.

సంఘంలో నన్ను ప్రార్థనాపరురాలు అంటారు. సంబంధం కుదరాలన్నా, బోరు ఎక్కడ వేయాలన్నా ‘అక్కా, ప్రార్థనలో పెట్టు’ అంటూ వస్తారు. నేను ప్రార్థించి, మనసుకు తోచిన జవాబు చెబుతాను. ఆ అబద్ధం ఆడేదాకా ఎవరికీ కల్పించి చెప్పలేదు. దేవుడే సాక్షి అని రాయబోయాను. ఆ మాట రాసే అర్హత నాకెక్కడిది?

డిగ్రీ అయ్యాక సునీత ఎంబీఏ ప్రవేశ పరీక్ష రాసింది. పెద్ద కాలేజీలో సీటు కొద్దిలో తప్పింది. ఇంకోసారి రాస్తే తప్పక వస్తుందని నంద్యాలలో కోచింగ్ చెప్పే సారు అన్నాడు. వస్తే ఎక్కడో దూరాన హాస్టల్లో ఉండాలి. ఆమె ఎటూ తేల్చుకోలేక నా మంచం పక్కన కూర్చుంది.

“అక్కా, మళ్ళా రాయాల్నా వద్దా? నువ్వే ప్రార్థనలో పెట్టు. నేనడిగితే ఆ పైనున్న ఆయప్ప నన్ను క్యూలో నిలబెడతాడు. నీదైతే బేగా వింటాడు.”

నవ్వాను. పెడతానన్నాను.

పెట్టలేదు. ఆ రోజంతా ప్రార్థనకు చేతులు జోడించనే లేదు. అడిగితే పంపించమంటాడేమోనని భయపడి అసలు అడగనే లేదు. అన్నం ముట్టలేదు. చెల్లెలు అది ఉపవాసం అనుకుంది. అనుకోనిచ్చాను. ఒంటరితనానికి భయపడ్డానా? లేక నేను ఎక్కలేని మెట్లు ఆమె అన్నేసి ఎక్కుతుంటే ఓర్వలేకపోయానా? భయమనే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను, ఎందుకంటే భయానికైతే జాలి దొరుకుతుంది, రెండోదానికి దొరకదు.

మరునాడు అడిగింది. “ఏమన్నాడక్కా?”

“వద్దంటాండాడు పాపా.”

“బాగా ఇన్యావా?”

“ఇన్యా.”

“సరే. ఆయనే వద్దంటే ఇంగ రాసేదేముంది.”

పుస్తకాలు కట్టగట్టి ఎవరికో ఇచ్చేసింది. నంద్యాలలో ఒక శెట్టిగారి బట్టల అంగడిలో చేరింది. రోజూ బస్సులో పోయి వస్తుంది. పొద్దంతా నిలబడి చీరలు విప్పి చూపాలి. ఇంటికొచ్చేసరికి పాదాలు ఉబ్బిపోయి ఉంటాయి, అయినా నా కాలికి నూనె రాశాకే పడుకుంటుంది. చర్చిలో సాక్ష్యం చెప్పే ప్రతిసారీ, ప్రభువు అక్క ద్వారా తనను తప్పుదారి పట్టకుండా ఆపాడని చెప్పి వందనాలు చెల్లిస్తుంది. సంఘమంతా ఆమెన్ అంటుంది. నేనూ అంటాను. అన్నాను, ప్రతిసారీ.

పోయిన వారం మళ్ళీ అడిగింది. ఆ పరీక్షకు వయసు అడ్డం లేదట, దరఖాస్తులు తీసుకుంటున్నారట. ప్రార్థనలో పెట్టమంది. నన్ను అడగొద్దన్నాను, నా జవాబు నమ్మదగింది కాదన్నాను. అది నా తగ్గింపు, వినయం అనుకుని నా చేయి ముద్దు పెట్టుకుంది. నిజం సగం చెప్పినా నాకు మంచి పేరే వస్తోందని అప్పుడు అర్థమైంది.

ఈ ఉదయం ఆమె అన్నం తింటుండగా మొత్తం చెప్పేశాను. నేను ఏడవలేదు, సాకులు చెప్పలేదు. ఆమె చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది. ఒక్కటే అడిగింది, ఆ రోజు నేను అన్నం తినకపోవడం ఉపవాసం కాదా అని. కాదన్నాను. లేచి చేయి కడుక్కుంది. బస్సుకు వేళయిందని వెళ్ళిపోయింది. పరీక్ష రాస్తానని గానీ, రాయనని గానీ అనలేదు. సాయంత్రం వస్తానని కూడా అనలేదు. రోజూ అనేది.

క్షమించమని నేను అడగలేదు. ఆమెనూ అడగలేదు, ఆయన్నూ అడగలేదు. క్షమాపణ ఇచ్చి తీరాలనే హక్కుతో అడుగుతానేమోనని భయం. తలుపు తీసే ఉంది. మంచం మీద కూర్చుని మీకిది రాస్తున్నాను. పోయిన ఏళ్ళు ఆమెకు తిరిగి రావు. ఒక్కటి మాత్రం జరిగింది. ‘వద్దు’ అన్నది నేను. ఆ మాట ఇప్పుడు ఆయన మీద లేదు. నా మీదే ఉంది.