ఫ్యాను తిరగని ఇళ్లు

మొన్న సాయంత్రం జగిత్యాలలో ఒక మిత్రుడు తన కొత్త ఫ్లాటు చూపిస్తుంటే, మాటల్లో పడి పడమటి గోడకు వీపు ఆనించాను. పొద్దు గూకి చాలాసేపైంది. ఆ సంగతి గోడకు ఎవరూ చెప్పినట్టు లేదు. అప్పుడే పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంది. "ఏసీ వేస్తే ఏం తెల్వదు," అన్నాడు మిత్రుడు. చొక్కా దాటి వీపుకు తగిలిన ఆ వేడికి సులోచన మేడం గుర్తొచ్చారు. ఆవిడే ఉంటే ఆ గోడ గీసినవాణ్ణి పిలిపించి, దానికే ఆనించి కూర్చోబెట్టి, మర్యాదగా చాయ్ ఇచ్చి మాట్లాడేవారు. వేడి చాయ్.

చదువు ముగించి వచ్చిన నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆవిడే. జగిత్యాలలో ఒక మందుల దుకాణం పైన ఆర్కిటెక్టుగా చిన్న ఆఫీసు నడిపేవారు. కోరుట్లలో బీడీలు చేసిన తల్లి పెంచిన బిడ్డ. నేను చేరిన కొత్తలోనే, ఆ కోరుట్లలోనే బీడీ కార్మికుల కోసం కట్టబోయే అపార్టుమెంటు పని మాకు వచ్చింది. ఖర్చు తక్కువ కావాలి, కరెంటూ తక్కువ కాలాలి. నేను హుషారుగా గదికొకటి చొప్పున కొత్తరకం ఫ్యాన్లు రాసుకున్నాను.

"ఆ ఫ్యాన్లు ఎవరేసుకుంటరయ్యా?" అన్నారు మేడం.

"ఇంట్లో ఉండేవాళ్లు మేడం."

"ఇంట్ల ఉండేటోళ్లు ఒళ్లె చాట పెట్టుకొని, తునికాకుల తంబాకు పోసి చుడ్తరు. ఫ్యానేస్తే చాటల తంబాకు ఉంటదా? మా అమ్మ ఎండకాలమంత ఫ్యాను బందు పెట్టి, చెమట తుడ్చుకుంట చేసేది. కరెంటు పొదుపు గురించి ఆమెకు చెప్పుడు నీతోటి గాదు."

అందుకే ఆవిడ గదులకన్నా ముందు వరండా గీశారు. ప్రతి అంతస్తులో ఉత్తరం వైపు వెడల్పాటి వరండా. కూర్చున్న మనిషి భుజం దాకా గోడ, ఆ పైన ఖాళీ. గాలి తల మీంచి పోతుంది, చాట జోలికి రాదు. గదుల్లో వేడి బయటికి పోవడానికి కప్పు కింద చిన్న కిటికీలు. పడమటి వైపు మెట్లూ స్నానాల గదులూ పెట్టి ఎండనంతా వాటికే అప్పజెప్పారు. కింది అంతస్తును నీడగా, వీధిలోకి తెరిచి వదిలారు. పక్క సందుల్లో రేకుల ఇళ్లలో మగ్గిపోయే ఆడవాళ్లు కూడా వచ్చి అక్కడ పని చేసుకోవాలని.

నమూనాను ఆమోదించవలసిన సర్కారు పెద్దమనిషి తన ఆఫీసులో దాన్ని కాసేపు చూసి, ఎర్ర పెన్సిలు తీశాడు. "గరీబోళ్లకు గింత వరండా ఎందుకు మేడం? అది తీసేస్తే ఇంకిన్ని ఫ్లాట్లు ఎల్తయి గద. ముంగట అద్దాలు పెట్టుండ్రి, ఫొటోల మంచిగ కనవడ్తది."

"అద్దాల ఎన్కకు ఎవరుంటరు సార్?"

"లబ్ధిదారులు."

"ఎండకాలం పగటీలి ఒక్కసారి వాళ్లింట్ల కూసుందాం, వస్తరా?"

"మాకు టైమెక్కడిది మేడం."

"గీ ఏసీ గదిల దొరికింది గద."

ఆయన ముఖం ఎర్రబడింది. వరండా కొట్టేసిన కాగితాన్ని సంతకానికి ఆవిడ ముందుకు నెట్టాడు. మా ఆఫీసులో అప్పుడున్న పెద్ద పని అదొక్కటే. మేడం పెన్ను మూత పెట్టి లేచారు. తిరుగు బస్సులో నేను లౌక్యం చెప్పబోయాను: "సంతకం పెట్టేసి, కట్టేటప్పుడు మార్పిస్తే అయ్యేది గద మేడం." ఆవిడ కిటికీలోంచి చూస్తూనే, "మా అమ్మ అసోంటోళ్లు కూసునే జాగ మీద నా చేత్తోని గీత కొట్టాల్నా?" అన్నారు.

వేరే ఎవరిదో సంతకంతో అపార్టుమెంటు లేచింది. అద్దాలు మెరిశాయి, ఫొటోలు నిజంగానే బాగొచ్చాయి. లోపల మాత్రం గదులు ఉడికిపోయేవి. ఆడవాళ్లు చాటలు పట్టుకొని కిందికొచ్చి, స్కూటర్ల మధ్య ఇంత నీడ చూసుకొని కూర్చున్నారు. కొన్నాళ్లకు అక్కడొక బోర్డు వెలిసింది: 'ఇచ్చట బీడీలు చేయరాదు.' బీడీ కార్మికుల కోసం కట్టిన ఇంట్లో! గేటుకు తాళం పడింది కాబట్టి పక్క సందుల వాళ్లకు ఆ బోర్డు చదివే భాగ్యం కూడా దక్కలేదు. పైగా కరెంటు బిల్లులు తక్కువ వస్తున్నాయని ఒక సభలో పెద్దమనిషికి శాలువా కప్పారు. ఫ్యాను వేసుకోలేని మనుషుల బిల్లు తక్కువ రాక ఏమొస్తుంది? చెమటను పొదుపు కింద జమకట్టిన ఆ చప్పట్లు నేను వెనక వరసలో కూర్చొని విన్నాను. మేడం రాలేదు. ఆ తర్వాత ఆవిడకు పెద్ద పనులూ రాలేదు. చిన్న చిన్న ఇళ్లకు నీడ గీస్తూనే కన్నుమూశారు.

ఇప్పుడు సిరిసిల్లలో నేనొక అపార్టుమెంటు గీస్తున్నాను. వరండా అయింది, గదులు ఇంకా కాలేదు. నిన్న కట్టించేవాయన ఫోన్ చేశాడు.

"సార్, గా వరండా తీసేస్తే ఏమైతది?"

"ఏం గాదు. ఇంకో ఆర్కిటెక్టును ఎతుక్కోవాల్సొస్తది."

అవతల నవ్వు వినిపించింది. "జోకా సార్?"

మామూలుగా నేను వేసేవి అవే.

"కాదు," అన్నాను.