ఎవరూ కొనని చేప

కావలిలో మాది చిన్న మెస్సు. మధ్యాహ్నం చేపల పులుసు కోసమే చాలామంది వస్తారు. చేపను నేను జువ్వలదిన్నె దగ్గరి పల్లెలో, ఒడ్డునే, ఎప్పుడూ ఒకే అక్క దగ్గర కొంటాను. ఆమె భర్త, తమ్ముడు ఫైబర్ బోటులో వేటకు పోతారు; పడిన చేపను ఆమె అమ్ముతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధించే వేసవిలో మా మెస్సులో సముద్రపు చేప వండం. అది ఆమె చెప్పగా అలవాటైన పద్ధతి.

నిషేధం ముగిసిన కొన్నాళ్లకు, ఒక పెళ్లి విందుకు వంజరం పులుసు వండిస్తానని మాటిచ్చాను. విందు రోజు ఉదయం ఒడ్డుకు వెళ్లేసరికి బోట్లు లేవు. ఆడవాళ్లంతా సముద్రం వైపే చూస్తూ నిలబడి ఉన్నారు. ఎక్కడివో పెద్ద మరబోట్లు ఒడ్డుకు దగ్గరగా వచ్చి వలలు ఈడుస్తున్నాయని, ఆపడానికి మగవాళ్లంతా పోయినారని అక్క చెప్పింది. అంతకుముందు ఆ బోట్ల కింద పడి ఈ పల్లె వలలు తెగిపోయాయి. ఈసారి ఏమవుతుందో తెలియదు. ఫోన్లు కలవడం లేదు. ఆమె పక్కనే నిలబడ్డాను.

ఎండ ఎక్కాక బోట్లు కనిపించాయి. వాటి నడుమ ఒక మరబోటును పట్టి తెస్తున్నారు. అక్క కళ్లు తన బోటు కోసం వెతుకుతున్నాయి. అది లేదు. అందరూ ఒడ్డు చేరాక, చిట్టచివర, ఇంకో బోటు దాన్ని తాడు కట్టి లాక్కొచ్చింది. మరబోటు తగిలి ఇంజను విరిగిందట. భర్త క్షేమంగా దిగాడు. తమ్ముడి చేతికి చుట్టిన తువ్వాలు నెత్తురుతో తడిసి ఉంది. వెంటనే ఆటోలో అతన్ని కావలి ఆసుపత్రికి పంపించారు.

మరబోటు కూలీలు ఇసుకలో తల వంచుకుని కూర్చున్నారు. తిట్టిన ఆడవాళ్లే వాళ్లకు తాగడానికి నీళ్లిచ్చారు. బోటులోని చేపను ఒడ్డున పోస్తే, సగానికి పైగా వేలెడంత చేపపిల్లలు. వాటి మధ్య మంచి వంజరాలు కూడా ఉన్నాయి, సరిగ్గా నాకు కావలసిన సైజువి.

అధికారులు ఇంకా రాలేదు. టౌను నుంచి వచ్చిన వ్యాపారులు కుప్ప చుట్టూ చేరారు. వాళ్లలో ఒకాయన, చచ్చిన చేప ఎటూ కుళ్లిపోతుంది, ఎంతో కొంత ధర కట్టి తలా కొంచెం తీసుకుందామని అందరినీ ఒప్పించబోయాడు. నా ఆర్డరు సంగతి ఆయనకు తెలుసు.

"నువ్వు తీసుకోమ్మా, నీ వెనక మేమూ తీసుకుంటాం" అన్నాడు.

నేను అక్క వైపు చూశాను.

"నీ ఇష్టం చెల్లీ. కొనబాకని నేను చెప్పను" అంది ఆమె.

ఆ చేపకు ఇక్కడ ధర పలికితే రేపు ఇంకో మరబోటు వస్తుంది. కొనకపోతే పెళ్లివారి ముందు నా మాట పోతుంది.

"నాకొద్దన్నా. ఈ పిల్ల చేపలు పెద్దవైతేనే గదా రేపు మనకు బేరం" అన్నాను.

ఆయన కదల్లేదు. ఫోన్లో ఎవరితోనో మాట్లాడాడు, ఇంకోసారి కుప్ప వైపు చూశాడు. చివరికి ఖాళీ ట్రేలు వ్యాన్లో వేసుకున్నాడు. మిగతావాళ్లూ వెనుదిరిగారు. తర్వాత అధికారులు వచ్చి బోటునూ చేపనూ స్వాధీనం చేసుకున్నారు.

పెళ్లివారికి ఫోన్ చేసి, పులుసు లేదు, కోడికూర చేస్తానన్నాను. పెళ్లికొడుకు తండ్రి కోపంగా నాలుగు మాటలన్నాడు. ఆ ఇంటి నుంచి మళ్లీ ఆర్డరు రాలేదు.

అక్క బోటు బాగయ్యేదాకా, ఆమె చూపించిన పక్క బోటువాళ్ల దగ్గర కొన్నాను. తమ్ముడి చెయ్యి మానింది గానీ రెండు వేళ్లు ముడవలేడు. అయినా వేటకు పోతున్నాడు. వల లాగేటప్పుడు బావ ఆ చేతి వైపు నిలబడతాడు.