మూసిన షాపులో వాన

మా మేనత్త బొమ్మలకు బట్టలు తొడిగేది. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి తల నెరిసేదాకా ఆమె పని అదే. షాపుల అద్దాల వెనక నిలువెత్తు బొమ్మలుంటాయి చూడండి, కళ్ళూ ముక్కూ ఉన్నట్టే ఉండి ఎవరి పోలికా లేనివి. వాటి చేతులు ఊడదీసి, చొక్కానో గౌనో తొడిగి, చేతులు మళ్ళీ బిగించి, వెనక వదులుగా మిగిలిన గుడ్డనంతా గుండుసూదులతో లాగి పట్టేది. ముందునుంచి చూస్తే కొలిచి కుట్టినట్టు ఉండేది. వెనకనుంచి చూస్తే ముళ్ళకంప. వెనకనుంచి ఎవరు చూస్తారులే అనేది అత్త.

మాల్‌లో అందరికీ ఆమె బొమ్మలత్త. నాకు నిజంగానే అత్త కాబట్టి ఆ పేరు మొదట పెట్టింది నేనేనని చెప్పుకునేవాణ్ణి. అబద్ధం. పెట్టింది మావయ్య. ఆయన ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తాడు, నోరు మాత్రం బాగుచేసుకోలేదు.

"ఊళ్ళో బొమ్మలన్నిటికీ గుండీలు పెడతావు. నా చొక్కాకి పై గుండీ ఊడిపోయి ఎన్నాళ్ళైందో చూశావా?" అనేవాడు.

"అవి కదలకుండా నిలబడతాయి. నువ్వూ అలా నిలబడు, నీకూ పెడతాను," అనేది అత్త.

ఆయన నిలబడేవాడు కాదు, ఆమె పెట్టేదీ కాదు.

ఆ మాల్ ఒకప్పుడు కోర్టు. ఎత్తయిన మెట్లు, ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందనంత లావు స్తంభాలు, మాట్లాడితే తిరిగి మనకే వినిపించే పెద్ద హాలు. కోర్టు వేరేచోటికి పోయాక చాలాకాలం పావురాలు ఏలుకున్నాయి. తర్వాత ఎవరో కంపెనీవాళ్ళు తీసుకుని మాల్ చేశారు. పాత కట్టడం కాబట్టి సర్కారువాళ్ళు ఒక షరతు పెట్టారట: గోడకు ఒక్క మేకు కూడా కొట్టకూడదు, లోపల కొత్త గోడ కట్టకూడదు. అందుకని షాపుకీ షాపుకీ మధ్య అద్దాలే అడ్డం. షాపు పేరు పలక తగిలించాలన్నా, దీపం వేలాడదీయాలన్నా దానికదే నిలబడే చట్రం ఒకటి చేసుకోవాల్సిందే. చాలామంది ఈ షరతు విని తల పట్టుకున్నారు. అత్తకి మాత్రం అది కలిసొచ్చింది. సన్నటి చెక్క చట్రాలు చేయించి, చేపలు పట్టే నైలాను దారంతో టోపీలూ గొడుగులూ సంచులూ గాల్లో నిలబెట్టేది. దారం కనిపించదు. పిల్లలు మెడలు వెనక్కి వంచి, అవి దేనికి వేలాడుతున్నాయో వెతికేవాళ్ళు.

అప్పట్లో జనం ఎంత వచ్చేవాళ్ళంటే, కదిలే మెట్లెక్కడానికే వరస ఉండేది. ఏమీ కొనకపోయినా ఎక్కి దిగి పోయేవాళ్ళు. అత్తకి ఒక అలవాటుండేది. కొత్తగా అద్దం సర్దిన రోజు, షాపులు తెరిచాక బయటికొచ్చి, చేతిసంచీ భుజాన వేసుకుని, తనూ కొనడానికి వచ్చిన మనిషిలా జనంలో కలిసి నిలబడేది. వాళ్ళేమనుకుంటున్నారో వినేది. ఆ మాటలే రాత్రి అన్నాల దగ్గర మాకు పెట్టేది. ఒకావిడ నీలం గౌను చూసి, అది వేసుకుంటే మా అత్తగారు కూడా నోరు మూస్తుంది అందట. ఆ మాట మా ఇంట్లో ఏడాది పాటు నడిచింది. మావయ్య కూర బాగున్నప్పుడల్లా, మా అత్తగారు కూడా నోరు మూస్తుంది అనేవాడు.

తర్వాత ఊరి చివర ఇంకో మాల్ వచ్చింది, బండ్లు పెట్టుకోవడానికి మైదానమంత జాగాతో. ఫోన్లో వేలు కదిపితే గుమ్మం దాకా వచ్చే బట్టలొచ్చాయి. కోర్టు మాల్‌లో ఏసీ సరిగ్గా చల్లబడేది కాదు, గొట్టాలు తిప్పడానికి గోడ కొట్టకూడదు కదా. కదిలే మెట్లు ఒకరోజు ఆగిపోయాయి, మామూలు మెట్లయ్యాయి. ఒక్కో షాపూ సర్దుకుని పోయింది. పోయినవాళ్ళు మిగిలిన సరుకులో పనికిరానిది అక్కడే వదిలేసి పోయారు. చీకటి అద్దాలు చూస్తే వచ్చేవాళ్ళు కూడా వెనక్కి తిరుగుతారని మేనేజరు భయపడ్డాడు. అత్తని పిలిచి, మూసిన షాపుల అద్దాలు కూడా సర్దేయండి మేడమ్, దీపాలు వేసే ఉంచుదాం, హాలు నిండుగా కనిపించాలి అన్నాడు.

అలా మాల్ ఎండిపోతున్నకొద్దీ అత్త పని పెరిగింది. ఆమె జీవితంలో ఇన్ని అద్దాలు ఎప్పుడూ లేవు. ఏం పెట్టమంటారు అని అడగడానికి యజమాని లేడు, అది వద్దు ఇది పెట్టు అనేవాడూ లేడు. ఒకచోట రైలు కోసం చూస్తున్న మనుషుల్ని పెట్టింది. ఒకచోట భోజనాల బల్ల చుట్టూ ఒక కుటుంబాన్ని కూర్చోబెట్టింది. అందులో తండ్రి బొమ్మ చొక్కాకి పై గుండీ లేదు. అది చూసి మావయ్య రెండురోజులు మూతి ముడుచుకున్నాడు.

నేను చదువు మధ్యలో వదిలేసి ఇంట్లో అందరితో గొడవపడుతున్న రోజులవి. అత్తే చెప్పుల షాపాయనతో మాట్లాడి నన్ను అందులో పెట్టించింది. హాలు మొదట్లో ఉన్న షాపు అదే. మాల్‌లో మిగిలిన పెద్ద షాపు కూడా అదొక్కటే. చెప్పులాయన ఇస్త్రీ చొక్కా, చేతిలో బూటు తొడిగే ఇత్తడి చెంచా, మెల్లగా మాట్లాడే మనిషి. అత్తని చెల్లమ్మా అనేవాడు. బేరం లేనప్పుడు కూడా కూర్చోడు. ఈగలు తోలుకుంటున్నామంటారు గానీ, మా షాపులో తోలడానికి ఈగలు కూడా లేవు.

ఆయన షాపు అద్దె కాగితాల గడువు ఆ నెలాఖరుతో అయిపోతుంది. ఉంటాడో పోతాడో తేల్చి చెప్పాలి. ఆయన పోతే మాల్ మూసేస్తామని కంపెనీ చెప్పేసింది. మాల్ మూస్తే అత్తకి ఇంకెక్కడా పని లేదు. ఊరి చివర మాల్‌లో బొమ్మలకు తలలు కూడా లేవు, వాటిని సర్దేది లారీలో వచ్చే కుర్రాళ్ళు, కాగితం మీద అచ్చేసిన బొమ్మ చూసుకుంటూ. అత్త ఒకసారి వెళ్ళి అడిగి, నీళ్ళు కూడా తాగకుండా తిరిగొచ్చింది.

అందుకని చెప్పులాయన్ని ఉంచడం ఒక్కటే ఆమె తలలో ఉన్నది. మా షాపు పక్కనే ఖాళీ అయిన పిల్లల బట్టల షాపుంది. దాని అద్దంలో ఇదివరకెన్నడూ చేయనిది చేసింది. వాన కట్టింది. చట్రం నిండా నైలాను దారాలు, దారాలకు చిన్న చిన్న గాజుపూసలు, కింద మెరిసే నల్లటి రేకు తడిసిన రోడ్డులా. మధ్యలో పసుప్పచ్చ వానకోటు తొడుక్కున్న పిల్ల బొమ్మ, పక్కన వంగి ఆ పిల్ల కాలికి బూటు తొడుగుతున్న తల్లి బొమ్మ. బూట్లు మా షాపువే, అడిగి తీసుకుంది.

నేను ఉన్నమాట అనేశాను. "బొమ్మల్ని చూసి ఎవరూ బూట్లు కొనరత్తా."

"కొనకపోతే పోనీరా. చూడ్డానికైనా లోపలికొస్తారు కదా. వచ్చినవాళ్ళు పక్క గుమ్మం ఎక్కరా?"

నిజంగానే వచ్చారు. ఆ ఆదివారం పొద్దున్న వాన ముందు చిన్న గుంపు నిలబడింది. ఫోటోలు తీసుకున్నారు. ఎన్నాళ్ళకో అత్త చేతిసంచీ భుజాన వేసుకుని వెళ్ళి వాళ్ళలో కలిసింది. మా షాపు అద్దంలోంచి నాకు ఆమె మొహం కనిపిస్తోంది. చెప్పులాయన కూడా చొక్కా సర్దుకుని, ఇత్తడి చెంచా చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

ఒకావిడ, ఆమె చెయ్యి పట్టుకుని ఒక చిన్నపిల్ల. పిల్ల కాళ్ళకి బూట్లు బిగుతై, మడమలు తొక్కేసి నడుస్తోంది. కొనడానికే వచ్చారని చూస్తేనే తెలుస్తోంది. పిల్లకి పసుప్పచ్చ కోటు కావాలి. ఆవిడ తలుపు లాగింది. రాలేదు. పక్క షాపు తలుపు లాగింది. రాలేదు. పిల్లకి ఇది ఆటైపోయింది. రైలు కోసం చూసేవాళ్ళ తలుపు, భోజనాల బల్ల తలుపు, హాలు చివరిదాకా పరిగెత్తి అన్నీ లాగి, అన్నీ తాళాలే అని అక్కణ్ణించే అరిచింది. హాలు ఆ మాట రెండుసార్లు పలికింది. గుంపులో కొందరు నవ్వారు. ఎవరో ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

"అన్నీ ఉత్త బొమ్మ కొట్లే, పద," అంది ఆవిడ.

పిల్ల మా షాపు దగ్గర ఆగింది. అద్దానికి ముక్కు ఆనించి చెప్పులాయన వైపు చూసింది. ఆయన నవ్వబోయి, భయపడుతుందేమోనని ఆగి, అలాగే నిలబడిపోయాడు.

"అమ్మా, ఈ బొమ్మ తాతలా ఉంది," అంది పిల్ల.

ఆయన కళ్ళు ఆర్పాడు. పిల్ల కెవ్వుమని తల్లి వెనక్కి దూరింది. ఆవిడ ఉలిక్కిపడి, తర్వాత సంగతి అర్థమై, సిగ్గుపడి, లోపలికి చూసి తల ఊపింది. నేను పరుగున వెళ్ళి తలుపు తీశాను. రండమ్మా, పిల్ల బూట్లు చూద్దురు గాని అన్నాను. మళ్ళీ వస్తాం బాబూ అంది, నా మొహం చూడకుండా. బొమ్మ అనుకున్న మనిషితో బేరమాడడానికి మొహం చెల్లలేదేమో. మడమలు తొక్కేసిన బూట్లు టపటపా మోగుతూ మెట్లు దిగిపోయాయి.

అత్త అక్కడే ఉంది, అంతా వింది. గుంపు చెదిరిపోయాక కూడా సంచీ భుజాన వేసుకుని, కొనడానికి వచ్చిన మనిషిలాగే నిలబడింది.

సాయంత్రం చెప్పులాయన ఆమెని పిలిచి కుర్చీ వేయించాడు. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"వాన చాలా బాగుంది చెల్లమ్మా. నేనే బొమ్మల్లో కలిసిపోయాను," అన్నాడు. "ఇంక సర్దుకుంటాను."

"అన్నయ్యగారూ, దీపాలు తీసేస్తాను. రేపే అన్నీ తీసేస్తాను. మీ షాపొక్కటే వెలుగుతుంది, అప్పుడు తేడా తెలుస్తుంది."

"అప్పుడు చీకట్లో ఒక్కణ్ణి నిలబడాలమ్మా." ఆయన ఇత్తడి చెంచా వైపు చూసుకున్నాడు. "దీపాలున్నా లేకపోయినా అదే పని."

నెలాఖరుకు ముందే షాపు ఖాళీ అయింది. అద్దంలో పెట్టినవి మాత్రం ఆయన వదిలేశాడు, అవన్నీ ఒంటి బూట్లు, జతలు ఎక్కడ కలిసిపోయాయో దొరకలేదు. కంపెనీ మనిషి ఎవరో చివరిసారి కట్టడం చూసి పోవడానికి వస్తున్నాడని, మేనేజరు అత్తకి కబురు పెట్టాడు. మొదటి షాపే చీకటిగా కనిపిస్తే బాగుండదు మేడమ్, రెండు బొమ్మలు నిలబెట్టేయండి అన్నాడు. నేనూ వెళ్ళాను, బొమ్మలు మోయడానికి ఇంకెవరూ లేరు.

అత్త బొమ్మ ఎక్కడ పెట్టాలో చూడడానికి, చెప్పులాయన రోజూ నిలబడేచోట తను నిలబడింది. అద్దాల అడ్డం లోంచి పక్క షాపు కనిపిస్తోంది. వాన కనిపించలేదు. వెనకనుంచి చూస్తే పూసలన్నీ దుమ్ముకొట్టుకుని, దారాలకు వేసిన ముడులు బొడిపెల్లా ఉన్నాయి. తల్లి బొమ్మ వీపంతా గుండుసూదులు. పిల్ల కోటు వెనక చీల్చి, దబ్బనంతో బిగించి ఉంది. వాటి అవతల అద్దం, అద్దం అవతల ఖాళీ హాలు.

"రోజంతా ఆయనకి కనిపించింది ఇదా?" అంది.

నాకూ రోజంతా కనిపించింది అదే.

"నువ్వైనా చెప్పొచ్చు కదరా."

"చెప్తే ఏం చేసేదానివి అత్తా?"

"వెనక కూడా కుట్టేదాన్ని," అంది.

బొమ్మలు నిలబెట్టలేదు. నేను మోసుకొచ్చినవాటిని గుమ్మంలోనే వదిలేసి, సంచీ తీసుకుని బయటికి నడిచింది. మేనేజరు వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు, మేడమ్ మేడమ్ అని, హాలు ఒక్కో పిలుపునీ రెండు చేసింది. అలవాటు కొద్దీ వాన ముందు ఒక్క క్షణం ఆగింది. వినడానికి ఎవరూ లేరు.

మూడోరోజు పొద్దున్న మావయ్య చొక్కా తొడుక్కుంటుంటే అత్త సూదీ దారం తీసుకుని వెళ్ళి ఎదురుగా నిలబడింది. అడగకుండానే. పై గుండీ కుట్టడం మొదలుపెట్టింది. ఆయన నోరు తెరిచాడు, ఏదో అనబోయాడు, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. సూది ఎక్కడ గుచ్చుకుంటుందోనని గాలి కూడా సరిగ్గా పీల్చకుండా, మావయ్య కదలకుండా నిలబడ్డాడు.